కుటుంబ వైద్యుని వలని ప్రయోజనములు

మనుష్యుడు నివసింపదగిన యూరికి ఉండవలసిన వసతులను లెక్కించుచు సుమతీశతకకారుడు వైద్యుని ఆ లెక్కలో చేర్చెనని మన విద్యార్థులందఱు చిన్న తరగతులలోనే నేర్చియున్నారు. ఆ పద్యమునందే నదిని గూడ చెప్పి, ఎన్నడును ఎండకుండుట దానికి గుణముగా చెప్పెను. వైద్యుని విషయమునను ఆ గుణమే ముఖ్యమని మా యభిప్రాయము. ఒకనాడు కనబడి మఱునాడు కనబడని వైద్యుడు వానకాలపు వాగువంటివాడు. ఏండ్లతరబడి మన యింటివారినందఱను చూచుచు, వారి దేహస్థితిని ఎఱిగియుండు వైద్యుడు జీవనదివంటివాడు. అట్టివానినే కుటుంబ వైద్యుడందుము. వానివలని ప్రయోజనములను విద్యార్థులకు తేటపడునట్లు ఈ వ్యాసమున వివరింప బూనుచున్నాము. వైద్యుడని వ్రాసిన చోట్లనెల్ల వైద్యురాలిని గూడ గ్రహింపవలెను.

1. కుటుంబ వైద్యుడనగా ఎవరు?

ఏ యస్వస్థత కలిగినను మనము మొట్టమొదట ఎవరియొద్దకు పోవుదుమో ఆ వైద్యుడే కుటుంబ వైద్యుడు. ఇతడు కంటికో చెవికో గుండెకో మాత్రమే చికిత్స చేయువాడు కాడు. పసిబిడ్డ జ్వరము మొదలు ముసలివారి మోకాళ్ళనొప్పివఱకు అన్నిటిని మొదట చూచి, తాను బాగుచేయగలవానిని బాగుచేసి, తనకు మించినవానిని తగిన నిపుణునియొద్దకు పంపువాడు. బార్బరా స్టార్‌ఫీల్డ్ (1932–2011) అను అమెరికా దేశపు వైద్యురాలు ఇట్టి ప్రాథమిక వైద్యమునకు నాలుగు లక్షణములు చెప్పెను. రోగి ముందుగా వచ్చు చోటు అదియే యగుట మొదటిది. ఆ సంబంధము ఏండ్లతరబడి తెగకుండుట రెండవది. సాధారణముగా కలుగు అవసరములన్నిటిని అచ్చటనే తీర్చుట మూడవది. ఇతర వైద్యులు చేసిన చికిత్సలనన్నిటిని ఒకచోట కూర్చి సరిచూచుట నాలుగవది.

ఈ నాలుగింటిలో రెండవదియే తక్కినవానికి ప్రాణము. దీనికి పాఠశాలనుండియే యొక దృష్టాంతము చూపెదము. పరీక్షాధికారి ఒక దినము తరగతికి వచ్చి ఒక బాలుని ప్రశ్నించును. జవాబు రాకున్న, వీడు మందమతియని తలంచి పోవచ్చును. ఆ బాలుని మూడేండ్లుగా ఎఱిగిన తరగతి యుపాధ్యాయుడు మాత్రము, నిన్నటివఱకు చక్కగా చెప్పినవాడు నేడేల చెప్పలేకున్నాడని యాలోచించును. ఇంటిలో కష్టమేమైన కలిగెనా, చూపు తగ్గెనా యని విచారించును. పరీక్షాధికారి తెలివి తక్కువవాడు కాడు. ఆయనకు నిన్నటి దినము తెలియదు, అంతే. క్రొత్త వైద్యుడెంత నిపుణుడైనను ఆయనకు మన నిన్నటి దినము తెలియదు.

2. మన సహజస్థితి తెలిసియుండుట

శరీరములన్నియు ఒక్క తీరున ఉండవు. రక్తపు పోటు ఒకరికి ఎల్లప్పుడును 100కు 60 ఉండి, వారు ఆరోగ్యముగనే తిరుగుచుందురు. మఱొకరికి చాల కాలముగా 160 ఉండుచుండును. ఈ రెండవవారికి జ్వరము వచ్చి, నీరసించి, రక్తపు పోటు 105నకు దిగినదనుకొందము. వారిని ఎన్నడు చూడని వైద్యునికి ఆ సంఖ్య మంచిదిగనే తోచవచ్చును. వారి లెక్క ఎఱిగిన వైద్యుడు మాత్రము ఉలికిపడును. ఏలయన వారికది అపాయసూచన. వట్టి సంఖ్యకు అర్థము లేదు. మునుపటి సంఖ్యతో పోల్చినప్పుడే దానికి అర్థము కలుగును.

మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి చదివిన యొక బాలుని సంగతి ఇచ్చట చెప్పదగియున్నది. అతనికి గొంతునొప్పి వచ్చి, నాలుగు దినములలో తగ్గిపోయెను. మూడు వారములకు మోకాలు వాచెను. అది తగ్గుచుండగా చీలమండ వాచెను. తల్లిదండ్రులు మొదట కట్టు కట్టించిరి. పిమ్మట రెండు ఆసుపత్రులకు తీసికొనిపోయిరి. రెండు చోట్లను నొప్పికి మాత్రలిచ్చిరి, నొప్పి తగ్గెను. తుదకు, ఆ బాలునికి శైశవమునుండి మందులిచ్చుచున్న వైద్యుని యొద్దకు పోయిరి. ఆయన ముందుగా అడిగిన ప్రశ్న, నెల లోపల గొంతునొప్పి వచ్చెనా యని. పిమ్మట స్టెతస్కోపు గుండెపై నుంచి చాలసేపు విని, “నిరుడు నేను విన్నప్పుడు ఈ శబ్దము లేదు” అనెను.

ఆ యొక్క మాటలోనే కుటుంబ వైద్యుని విలువ యంతయు కలదు. ఆ వ్యాధి పేరు రుమాటిక్ జ్వరము. అయిదు మొదలు పదునైదేండ్లలోపు బాలబాలికలకే ఇది తఱచుగా వచ్చును. ఒక జాతి సూక్ష్మజీవులవలన గొంతునొప్పి కలిగి తగ్గిన రెండు మూడు వారములకు కీళ్ళు ఒకదాని తరువాత నొకటి వాచును. కీళ్ళవాపు పోవును గాని, గుండె కవాటములకు కలిగిన దెబ్బ నిలిచిపోవచ్చును. వ్యాధి మఱల రాకుండుటకు బెంజథిన్ పెనిసిలిన్ అను సూదిమందును మూడు నాలుగు వారములకొకమాఱు చొప్పున చాల సంవత్సరములు వేయించుకొనవలెను. ఒక్క సూది తప్పినను ప్రమాదమునకు చోటిచ్చినట్లే. అన్నేండ్లు తేదీ తప్పక చూచువారెవరు? నేడొక చోటికి రేపొక చోటికి తిరుగువానికి ఆ లెక్క నుంచువారు లేరు. ఆ వైద్యుడు తన పుస్తకమున తేదీలు వ్రాసికొని, బాలుడు రాని నాడు కబురంపుచుండెను. బాలుడు పదవ తరగతి ముగించి పై చదువులకు పోయెను; సూదిమందు మానలేదు.

3. చప్పుడు లేక వచ్చు వ్యాధులు

దొంగలలో తలుపు తట్టి వచ్చువారు లేరు. వ్యాధులలోను కొన్ని అట్లే వచ్చును. రక్తపు పోటు హెచ్చిననాడు నొప్పి యుండదు. మధుమేహము మొదలైననాడు చాల మందికి ఏ బాధయు తెలియదు. ఏండ్లు గడచిన పిమ్మట ఒకనాడు పక్షవాతముగనో, గుండెపోటుగనో, మూత్రపిండములు చెడుటగనో, చూపు మందగించుటగనో అవి బయటపడును. భారత వైద్య పరిశోధనా మండలి వారి సాయముతో జరిగి 2023లో ప్రకటింపబడిన యొక పరిశీలన ప్రకారము, మన దేశమున 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహము కలదు. మఱి 13 కోట్ల 60 లక్షల మంది దాని యంచున ఉన్నారు.

బాధ లేనివాడు వైద్యునియొద్దకు పోడు. మఱి ఈ వ్యాధులను కనిపెట్టుటెట్లు? దీనికి వేల్సు దేశమున జూలియన్ ట్యూడర్ హార్ట్ (1927–2018) అను వైద్యుడు ఒక మార్గము చూపెను. ఆయన 1961లో గ్లిన్‌కొరుగ్ అను చిన్న గ్రామమున పనికి కుదిరెను. అది బొగ్గుగనుల కూలీల యూరు. జనసంఖ్య సుమారు రెండు వేలు. ఊరివారందఱు ఆయన పట్టికలోనివారే. దగ్గునకు వచ్చినవారికిని, కాలి పుండునకు వచ్చినవారికిని, బిడ్డకు మందు కొఱకు వచ్చిన తల్లికిని ఆయన రక్తపు పోటు చూచి వ్రాసికొనుచుండెను. ఎంతకును రానివారిని తామే వెదకి చూచిరి. ఇట్లు ఊరిలోని పెద్దవారందఱ రక్తపు పోటును కొలిచిన మొదటి వైద్యుడని ఆయనకు పేరు వచ్చెను. ఒకమాఱు కొలిచి విడువక, హెచ్చుగా నున్నవారిని ఏండ్లతరబడి పిలిచి, మందు తప్పకుండ చూచెను. ఇరువదియైదేండ్ల ఈ పని ఫలితములను 1991లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. అరువదియైదేండ్ల లోపు మరణములు పొరుగుననున్న అట్టి గ్రామముకంటె ఆ గ్రామమున తక్కువగా నుండెను.

ఆయన చేతనున్నవి రక్తపు పోటు చూచు పరికరము, పేర్ల పట్టిక, విడువని ఓపిక. ఆ పట్టికయు ఓపికయు ఊరు మాఱక నిలిచినవానికే సాధ్యము. వైద్యము ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది తక్కువగా దొరకుచున్నదని 1971లో లోకమునకు చాటినవాడును ఈ హార్టే.

4. మందుల విషయమున కలుగు మేలు

మన యిండ్లలో అఱలు తెఱచి చూచిన, మూడు నాలుగు ఆసుపత్రుల మందుల చీటీలు ఒకే సంచిలో కనబడును. మోకాళ్ళ కొకరు, చక్కెర కొకరు, కడుపుమంట కొకరు మందు వ్రాసియుందురు. ఒకరు వ్రాసినది మఱొకరు చూడరు. దీనివలన రెండు కీడులు కలుగును.

మొదటిది, ఒకే మందు రెండు పేర్లతో కడుపులోనికి పోవుట. పారాసిటమాల్ అను జ్వరపు మందును పలు కంపెనీలవారు పలు పేర్లతో అమ్ముచున్నారు. జలుబు మాత్రలలో సైతము అది కలిసియుండును. తెలియక రెండును మ్రింగినచో మోతాదు మించి కాలేయమునకు చేటు కలుగవచ్చును. రెండవది, ఒక మందు మఱొక వ్యాధిని పెంచుట. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలగు నొప్పి మందులను దీర్ఘకాలము వాడిన రక్తపు పోటు హెచ్చును, మూత్రపిండములు దెబ్బతినును. మోకాళ్ళనొప్పికి ఆ మాత్ర నిచ్చినవానికి రక్తపు పోటు సంగతి తెలియదు. రక్తపు పోటునకు మందిచ్చినవానికి మాత్రల సంగతి తెలియదు. అన్నిటిని ఒక కంటితో చూచువాడున్ననే ఈ ముడి విడును.

తెలిసిన వైద్యునివలన మఱియొక లాభము కలదు. ఆయనకు మందు ఈయకుండుటకు ధైర్యముండును. ఒక్కమాఱే చూచు వైద్యుడు, రోగి మఱల వచ్చునో రాడో యని శంకించి, జలుబునకు సైతము యాంటీబయాటిక్ వ్రాయవచ్చును, పరీక్షలన్నియు చేయింపవచ్చును. ఎఱిగినవాడు, “రెండు దినములు చూతము, జ్వరము తగ్గకున్న రండు” అని చెప్పగలడు. వైరస్‌వలన వచ్చు జలుబునకు యాంటీబయాటిక్ పనిచేయదు. అనవసరముగా వాడినకొలది సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగనివగును. “రోగి కోరినదియు పాలే, వైద్యుడు చెప్పినదియు పాలే” యను సామెత వినుటకింపుగనే యున్నది గాని, రోగి కోరిన సూదినెల్ల వేయువాడు మంచి వైద్యుడు కాడు.

5. లెక్కలు చెప్పునదేమి?

ఇవి మా మాటలు మాత్రమే కావు. నార్వే దేశమున 2001 మొదలుకొని ప్రతి పౌరునికి పేరుపేరున ఒక వైద్యునుంచు ఏర్పాటు జరిగెను. ఆ దేశపు పరిశోధకులు సుమారు 45 లక్షల మంది లెక్కలను పరిశీలించి, 2022లో ప్రకటించిరి. ఒకే వైద్యునితో పదునైదేండ్లకు మించి సంబంధమున్నవారికి, ఒక్క యేడాది సంబంధమే యున్నవారికంటె, హఠాత్తుగా ఆసుపత్రిలో చేరవలసివచ్చుటయు మరణము సంభవించుటయు సుమారు నాలుగవ వంతు తక్కువగా కనబడెను. సంబంధము పెరిగినకొలది ఆ మేలును పెరిగెను. అంతకు ముందు 2018లో, తొమ్మిది దేశములలో జరిగిన 22 పరిశీలనలను కొందఱు ఆంగ్ల వైద్యులు ఒకచోట చేర్చి చూడగా, వానిలో 18 పరిశీలనలు, ఒకే వైద్యుని విడువనివారిలో మరణములు తక్కువని తెలిపెను.

ఇట్టి లెక్కలను చదువునప్పుడు విద్యార్థులు జాగ్రత్త వహింపవలెను. రెండు విషయములు కలిసి కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని చెప్పరాదు. ఒకే వైద్యుని నమ్ముకొన్నవారు ఇతర విధముల గూడ జాగ్రత్తగలవారై యుండవచ్చును. కాని పలు దేశముల లెక్కలు ఒకే దిక్కు చూపుచున్నవి. పైన చెప్పిన కారణములును స్పష్టముగా నున్నవి. కావున ఈ మాట నమ్మదగినది.

6. మన దేశపు సంగతి

ఈ భావము మనకు క్రొత్త కాదు. 1943లో నియమింపబడిన భోర్ సంఘమువారు 1946లో తమ నివేదిక నిచ్చిరి. డబ్బు చెల్లింపలేడను కారణమున ఎవడును వైద్యమునకు దూరము కారాదనియు, పల్లెలకు దగ్గఱగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రములుండవలెననియు అందులో చెప్పిరి. 1952 మొదలుకొని అట్టి కేంద్రములు వెలసినవి. మైదాన ప్రాంతములలో 30,000 మందికి, కొండప్రాంతములలో 20,000 మందికి ఒక కేంద్రము ఉండవలెనని నియమము. 2018లో హైదరాబాదు నగరపు పేటలలో బస్తీ దవాఖానాలు తెఱచిరి. 2023 ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ అను విధానమును ఆరంభించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడే పల్లెకు వరుసగా పోయి చూచునట్లు ఏర్పాటు చేసిరి.

అయినను సర్కారు వైద్యులకు బదిలీలు తప్పవు. పట్టణములలో వైద్యులు ఒక ఆసుపత్రినుండి మఱొక ఆసుపత్రికి పోవుచుందురు. మేము ఎంచుకొన్న వైద్యుడు పోయిన యెడల ఏమి చేయవలెనని కొందఱు అడుగుదురు. ఊరిలోని ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త తఱచుగా అచ్చటనే యుందురు. వారు మన కుటుంబమును ఎఱుగుదురు. అంతకంటె గట్టి సాధనము మన చేతనే యున్నది. అది యింటి ఆరోగ్య పుస్తకము. వైద్యుడు మాఱినను ఆ పుస్తకము మాఱదు. క్రొత్త వైద్యునికి మన నిన్నటి దినమును అది చెప్పును.

7. రెండు సందేహములు

పెద్ద ఆసుపత్రులు, పేరుపొందిన నిపుణులు ఉండగా చిన్న వైద్యునియొద్దకు పోనేల? ఇది మొదటి సందేహము. నిపుణుడు అవసరమే. కాని తలనొప్పి కంటివలన కలిగెనో, పంటివలన కలిగెనో, రక్తపు పోటువలన కలిగెనో, నిద్రలేమివలన కలిగెనో తెలియకముందే మనమే నిపుణుని ఎంచుకొనుట, ఊరి పేరు తెలియక రైలెక్కుటవంటిది. ఏ నిపుణునియొద్దకు ఎప్పుడు పోవలెనో చెప్పుట కుటుంబ వైద్యుని పనులలో నొకటి.

అపాయము వచ్చినను ఆయన కొఱకే కాచుకొనవలెనా? ఇది రెండవ సందేహము. కూడదు. ఱొమ్ములో నొప్పి పట్టినను, ఒక చేయి కాలు చచ్చుపడినను, మాట తడబడినను, పాము కఱచినను, ఊపిరి ఆడకున్నను, క్షణము జాగు సేయక 108 నంబరునకు ఫోను చేసి దగ్గఱనున్న పెద్ద ఆసుపత్రికి పోవలెను. ఇల్లు చేరిన పిమ్మట ఆ కాగితములను కుటుంబ వైద్యునికి చూపవలెను.

8. మన విధులు

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబూనుట తగదని మన పెద్దలు చెప్పుదురు. జబ్బు పడకముందే వైద్యుని ఎంచుకొనవలెను. ఆయన సరియైన పట్టము పొంది, రాష్ట్ర వైద్య మండలిలో పేరు నమోదైనవాడై యుండవలెను. ఇంటికి దగ్గఱలో నుండవలెను. మనము చెప్పునది ఓపికతో వినవలెను. తనకు తెలియనిదానిని తెలియదని చెప్పి మఱొకరియొద్దకు పంపగలవాడై యుండవలెను. పెద్ద భవనమును, మెఱయు అద్దములును చూచి మోసపోరాదు.

ఎంచుకొన్న పిమ్మట ఆయనకు నిజము చెప్పవలెను. పొగాకును, సారాయిని, నాటుమందును దాచినచో నష్టము మనకే. మందు మానినయెడల మానితిమని చెప్పవలెను. ఒక దినములో జ్వరము తగ్గలేదని మఱొక వైద్యునియొద్దకు పరుగెత్తరాదు. రెండు వారములు దాటిన దగ్గును మాత్రము దాచిపెట్టక చెప్పి, క్షయ పరీక్ష చేయించుకొనవలెను.

ఇక విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. మన యిండ్లలో చాల చోట్ల అవ్వలు, తాతలు తమ మందుల చీటీలను చదువుకొనలేరు. వాని నర్థము చేసికొని వరుసగా వ్రాయగలవారు ఆ యింట చదువుకొను పిల్లలే. నూఱు పుటల నోటు పుస్తకమొకటి కొని, ఒక్కొక్కరికి కొన్ని పుటలు కేటాయింపుడు. పేరు, పుట్టిన సంవత్సరము, సరిపడని మందులు, చిరకాలపు వ్యాధులు, జరిగిన శస్త్రచికిత్సలు, వాడుచున్న మందుల అసలు పేర్లు, మోతాదులు వ్రాయుడు. బరువు, రక్తపు పోటు, రక్తములోని చక్కెర చూచినప్పుడెల్ల తేదీతో వ్రాయుడు. పిల్లల టీకాలు వ్రాయుడు; పదియేండ్లకును పదునాఱేండ్లకును వేయవలసిన ధనుర్వాత, కంఠసర్పి టీకాను మఱువకుడు. వైద్యునియొద్దకు ఎవరు పోయినను ఈ పుస్తకము వెంట పోవలెను. వైద్యవిద్య నేర్వకయే ఒక బాలుడో బాలికయో తన యవ్వకు చేయగల సేవ ఇది. ఈ వేసవి సెలవులు ముగియులోపల ప్రతి విద్యార్థి యింటను ఇట్టి పుస్తకమొకటి ఉండవలెనని కోరుచున్నాము.

అభ్యాసము

1. కుటుంబ వైద్యునికిని నిపుణునికిని గల భేదమేమి?
2. రక్తపు పోటు 105 ఉండుట ఒకరికి క్షేమమును మఱొకరికి అపాయమును ఎట్లగును?
3. రుమాటిక్ జ్వరము వచ్చిన బాలునికి ఒకే వైద్యుడుండుట ఏల ముఖ్యము?
4. గ్లిన్‌కొరుగ్ గ్రామపు వైద్యుడు బాధ లేనివారి వ్యాధిని ఎట్లు కనిపెట్టెను?
5. నార్వే దేశపు లెక్కలను చదువునప్పుడు వహింపవలసిన జాగ్రత్త యేమి?
6. మీ యింటిలోని మందుల చీటీలను పెద్దల యనుమతితో చూచి, ఒకే మందు రెండు పేర్లతో నున్నదేమో పరిశీలింపుడు. ఉన్నయెడల మీరుగా మాన్పక, వైద్యునికి చూపుడు.